పెళ్లింటి కారు, వెనక చక్రం

కారు వెనక చక్రం బేరింగు మార్చడం కష్టమైన పని కాదు. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నా దగ్గర కూర్చున్నప్పుడల్లా ఒకటే అడుగుతారు. "పెద్దాయనా, మీ రోజుల్లో లిఫ్టు లేదు, ప్రెస్సు లేదు, ఇళ్ళ దగ్గర మట్టిలో పడుకుని ఎలా చేశారు?" అని. పని సులువే నాయనా. బండి చుట్టూ నిలబడే మనుషులతోనే చచ్చే చావు. షెడ్డులో బండి అనాథ. దాన్ని ఏం చేసినా అడిగేవాడు ఉండడు. ఇంటి దగ్గర అదే బండికి తల్లి, తండ్రి, మేనమామలు, ఏమీ తెలియకపోయినా అన్నీ చెప్పే పక్కింటాయన ఉంటారు. వాళ్ళందరికీ నువ్వు అల్లుడివీ కావు, డాక్టరువీ కావు. మధ్యలో ఏదో ఒక జాతి.

నా జీతం ఎప్పుడు పెరిగింది, ఏ షెడ్డులో పెద్ద మేస్త్రినయ్యాను లాంటివి రాయను. అవి చదివి బాగుపడ్డవాడు ఎవడూ లేడు. పనికొచ్చే సంగతులు రెండు మూడే ఉన్నాయి. అవి చెప్తాను.

ముందు రోగం గురించి

వెనక చక్రాన్ని తిప్పే ఇనుప కడ్డీని షాఫ్ట్ అంటాం. అది యాక్సిల్ గొట్టంలోంచి బయటికి వచ్చే చోట బేరింగు ఉంటుంది. నూనె బయటికి కారకుండా పక్కనే ఆయిల్ సీలు ఉంటుంది. బేరింగు కదలకుండా షాఫ్ట్ మీద ఒక ఇనుప కాలరు బిగుసుకుని కూర్చుంటుంది. మన కథకి ఈ నాలుగు పేర్లు చాలు.

బేరింగు అరిగితే బండి వెనక నుంచి మూలుగుతుంది. సీలు పోతే నూనె బ్రేకు డ్రమ్ములోకి దిగుతుంది. అప్పుడు బ్రేకు తొక్కితే బండి వెంటనే ఆగదు, ఆగాలా వద్దా అని ఆలోచిస్తుంది. ఈ రెండూ ముదిరితే షాఫ్టు చక్రంతో సహా బయటికి జారిపోతుంది. నడుస్తున్న కారును దాని చక్రమే దాటిపోవడం నేను కళ్ళారా చూశాను. లోపల కూర్చున్న పెద్దమనిషి కిటికీలోంచి చూసి, "ఎవరిదో చక్రం పోతోందోయ్, పాపం" అన్నాడు. ఆయన పక్కకి ఒరిగింది ఆ మాట అన్నాకే.

మా ఉస్తాద్

నాకు పని నేర్పింది బాలయ్య ఉస్తాద్. నాంపల్లి వైపు రేకుల షెడ్డు ఆయనది. చెక్క పుల్ల ఒక చివర యాక్సిల్ గొట్టానికి, రెండో చివర చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని వినేవాడు. ఏ పక్క బేరింగు ఏడుస్తోందో చెప్పేవాడు. చేతి పనిలో ఆయన్ని మించినవాణ్ణి నేను చూడలేదు. నోటి పనిలో మాత్రం అంత చెడ్డవాణ్ణి కూడా చూడలేదు. బండిని చూడకముందే "చిన్న పని, సాయంత్రానికి అయిపోతది" అనేవాడు. ఆయన ఆ మాట అనేసి టీ తాగడానికి పోయేవాడు. మిగతా తిట్లు మేము తినేవాళ్ళం.

ఆయన దగ్గర నేర్చుకోవలసింది చెవి. నేర్చుకోకూడనిది నోరు. ఇది తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. చెవి వెంటనే వచ్చింది, నోరు కట్టుకోవడానికే ఆలస్యమైంది.

ఒకసారి కృష్ణా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన ఒక ఇంజనీరు గారి ఇంటికి పంపాడు నన్ను. ఆయనది పాత విదేశీ కారు. దాని సీలు తోలుది. బిగించే ముందు గోరువెచ్చని నూనెలో నానబెట్టాలి. నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "అమ్మగారూ, కొంచెం నూనె వెచ్చచేసి ఇది అందులో వేయండి" అని అడిగాను. ఆవిడ మంచి మనిషి. కంచు గిన్నెలో నూనె పోసి పొయ్యి పక్కనే పెట్టింది. కాసేపటికి ఇంజనీరు గారి తల్లి మడిచీరలో వచ్చి గిన్నెలోకి తొంగి చూసింది.

"ఏమిటి నాయనా ఇది, అప్పడంలా ఉంది?" అంది.

"సీలండీ. తోలుదండీ."

"ఏం తోలు?"

నాకు చదువు లేకపోయినా తెలివి ఉందని చూపించుకోవాలనిపించింది. "గేదె తోలు అయి ఉంటుందండీ" అన్నాను.

ఆ తర్వాత ఆ ఇంట్లో జరిగిన కడుగుడు మామూలు కడుగుడు కాదు. పొయ్యి కడిగారు, గోడలు కడిగారు, కంచు గిన్నెను చింతపండుతో తోమి తోమి చివరికి వాకిట్లోకి విసిరేశారు. ఇంజనీరు గారిని హోటల్లో తినమన్నారు. ఆయన మాత్రం సాయంత్రం నా భుజం తట్టి, "ఇంకో పక్క సీలు కూడా మార్చాలేమో చూడు సత్తయ్యా" అని మెల్లగా అడిగాడు. హోటల్ భోజనం ఆయనకి నచ్చినట్టుంది.

అంచేత పిల్లలూ, వంటింట్లోకి మీ సామాను పంపకండి. పంపితే దాని కులగోత్రాలు చెప్పకండి.

రాయదుర్గం పటేల్

ఇక అసలు సంగతికి వస్తాను. ఇప్పుడు మెట్రో వచ్చి ఆగిపోయే రాయదుర్గం అప్పట్లో బండల మధ్య ఒక ఊరు. సైకిలు దిగి నడిపించుకుంటూ పోవాలి. ఆ ఊరి పటేల్ బుచ్చిరెడ్డి. ఊరికంతటికీ ఉన్నది ఆయన కారు ఒక్కటే. ఏ కంపెనీదో చెప్పను. తప్పు కంపెనీది కాదు, ఆ బండల దారిది.

పటేల్ భార్య ఏనాడో పోయింది. ఒక్కతే కూతురు, సుగుణ. ఆ పిల్లకి బాచుపల్లి సంబంధం కుదిరింది. తెల్లవారితే పెళ్లనగా నాకు కబురొచ్చింది. వెళ్లేసరికి వాకిలి నిండా పచ్చి పందిరి, చుట్టాలు, పొయ్యిల పొగ. మధ్యలో కారు. దాని కుడి వెనక చక్రం కింద నూనె మడుగు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాను. ముసలివాడి పన్నులా కదిలింది.

"ఏందీ సంగతి?" అన్నాడు పటేల్.

"బేరింగు, సీలు రెండూ వోయినయ్ పటేలా. షెడ్డుకు తీస్కవోవాలె. ఎడ్లను కట్టి మెల్లగ గుంజిపిస్తే..."

"ఎడ్లా? నా కారుకు ఎడ్లను కడ్తవా? ఊరంత సూస్తుంటె నా ఇజ్జత్ ఏంగావాలె? రేపు నా బిడ్డను గీ కార్లనే అత్తగారింటికి తోలిస్తనని బాచుపల్లి పెద్దమనుషుల ముంగట మాటిచ్చిన. గీడనే విప్పు, గీడనే బిగించు."

బాచుపల్లి దాకా దారంతా గతుకులు, పల్లాలు. దిగుడులో ఆ చక్రం ఊడితే కారులో ఉన్నవాళ్ళ గతి ఏమిటో నాకు తెలుసు. ఆ కారులో కూర్చోబోయేది కొత్త పెళ్లికూతురు. అందుకే సైకిలెక్కి సికింద్రాబాదు రాణిగంజ్ పోయి, దుకాణాలన్నీ తిరిగి, బేరింగు, కాలరు, సీలు, బ్రేకు షూలు పట్టుకొచ్చాను. ఆ కొలత బేరింగు నాకు దొరికింది ఒకే ఒక్కటి. అదీ దుకాణదారు అటక మీంచి దుమ్ము దులిపి తీశాడు. ఇంకొకటి కావాలంటే బొంబాయి నుంచి రావాలన్నాడు.

ఊడింది అనకూడదు

ముందు చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, వెనక జాకీ ఎత్తి, చక్రం తీశాను, డ్రమ్ము తీశాను, లోపలి నాలుగు బోల్టులూ తీశాను. షాఫ్టు మాత్రం రాలేదు. పాత బేరింగు గూటిలో పట్టేసింది.

చూస్తూ నిలబడ్డ చుట్టాలకి అదే అదను. ఎవరో బావి మోకు తెచ్చారు. ఇంకెవరో షాఫ్టుకి కట్టారు. నేను వద్దు వద్దంటూనే ఉన్నాను. పెళ్లింట్లో మెకానిక్ మాట వినేదెవడు? మేనమామల వైపు వాళ్ళంతా ఒక్కసారి పట్టి లాగారు. షాఫ్టు రాలేదు. బండే వచ్చింది. జాకీ మీంచి కిందికి దిగి, అడ్డం పెట్టిన రాయినెక్కి, పక్కవాటుగా వాళ్ళ మీదికే నడిచింది. లాగినవాళ్ళంతా మోకు వదిలేసి అరుగు మీదికి ఎక్కారు. "బండికి జోరు బాగనే ఉన్నది పటేలా, ఫికర్ లేదు" అన్నాడొకాయన అరుగు మీద నుంచి.

వాళ్ళని అరుగు మీదే ఉండమని దణ్ణం పెట్టి, బండిని మళ్ళీ ఎత్తాను. షాఫ్టుకి చక్రాన్ని వదులుగా తగిలించాను. బోల్టులు సగం బిగించి, రెండు చేతులా పట్టి నా వైపు గట్టిగా కుదిపాను. వదులుగా ఉన్న చక్రం బోల్టు తలలకి కొట్టుకున్నప్పుడల్లా షాఫ్టుకి సుత్తి దెబ్బ తగిలినట్టే. ఇది ఇప్పటికీ పనికొచ్చే కిటుకు, గుర్తుంచుకోండి. కాసేపటికి షాఫ్టు, చక్రం, నేను ముగ్గురం కలిసి వెల్లకిలా పడ్డాం.

"ఊడింది!" అని సంతోషంతో కేకేశాను.

అరుగు మీదివాళ్ళంతా లోపలి గుమ్మం వైపు చూశారు. పటేల్ అక్క రాజమ్మ లోపలి నుంచి వచ్చింది. తల్లి లేని పిల్లని పెంచిందీ, ఆ పెళ్లి పెద్దరికమంతా నడుపుతున్నదీ ఆవిడే.

"ఏం మాటరా అది? లగ్గమయ్యే ఇంట్ల ఊడింది అంటరా? వచ్చింది అను."

"వచ్చిందక్కా" అన్నాను.

మన ఇళ్ళల్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటాం. దీపం ఆరితే కొండెక్కింది అంటాం. ఇది నాకు తెలియనిది కాదు. కానీ బండి పనిలో ఉన్న మాటలన్నీ ఊడటం, విరగడం, పగలగొట్టడమే. ఆ ఇంట్లో అవేవీ పనికి రావు. పాత కాలరును ఉలితో పగలగొట్టే ముందు "కాలరు విచ్చుకుంటదక్కా, దెబ్బ సప్పుడు వస్తది, పరేషాన్ గాకండి" అని ముందే చెప్పుకున్నాను. గ్రీజు డబ్బా నిండుకుందని చెప్పి ఇంకో డబ్బా తెప్పించాను. జీవితంలో అంత మర్యాదగా నేను ఏ బండినీ విప్పలేదు.

బేరింగుకు బొట్టు

యాక్సిల్ గొట్టం మూతి తుడవడానికి బావి దగ్గర గుడ్డ తడుపుకుని వచ్చాను. బేరింగును నూనె కాగితంలోంచి తీసి గోనెపట్టా మీద పెట్టి వెళ్ళాను. వచ్చేసరికి గోనెపట్టా ఖాళీ.

బేరింగు ఇత్తడి పళ్ళెంలో, తమలపాకుల మీద కూర్చుని ఉంది. కొత్త ఇనుము ఇంట్లోకి వస్తే బొట్టు పెట్టకుండా వాడతారా? రాజమ్మక్క తన చేత్తో దానికి పసుపు రాసింది, కుంకుమ పెట్టింది, అక్షింతలు వేసింది, పైన కొబ్బరికాయ కొట్టి నీళ్ళు చల్లింది. భక్తి ఎక్కువైన పిన్నమ్మ ఎవరో బేరింగు లోపలి ఇనుప గుండ్ల సందుల్లోకి కూడా పసుపు దూర్చింది. నేను వేలితో తిప్పాను. కరకరమంది. ఒక బియ్యపు గింజ గుండ్ల మధ్య ఇరుక్కుని నన్నే చూస్తోంది.

నాకు తల ప్రాణం తోకకి వచ్చింది. బేరింగులో ఇసుక రేణువు పడితేనే కొంప మునుగుతుంది. ఇక్కడ పూజ సామాను మొత్తం ఉంది.

"గాస్‌నూనె కావాలె. కడగాలె" అని కిరసనాయిలు అడిగాను.

రాజమ్మ గుండెలు బాదుకుంది. "కుంకుమ తుడుస్తవా? రేపు పుస్తె కట్టించుకునే పిల్ల ఇంట్ల ఉండంగ, పెట్టిన బొట్టును నా కండ్ల ముంగటనే తుడుస్తవారా?"

పటేల్ కూడా ముఖం గట్టిపెట్టుకున్నాడు. "అక్క మాట తప్పది సత్తెయ్యా. గట్లనే బిగించు. దేవుడే సూసుకుంటడు."

ఆ స్థితిలో మీరుంటే ఏం చేసేవారు? "గట్లనే బిగిస్తే గుండ్లు నలిగిపోతయ్, బేరింగు పట్టేస్తది, చక్రం ఊడుతది, పిల్ల..." అని విడమరిచి చెప్పాలి. ఆ మాటల్లో ఒక్కటీ ఆ ఇంట్లో అనడానికి వీల్లేదు. శుభం పలకరా మంకెన్నా అంటే పెళ్లికూతురు ముండ ఎక్కడ చచ్చింది అన్నాడట వెనకటికొకడు. నేను నోరు తెరిస్తే ఆ మంకెన్ననే అవుతాను. తెరవకపోతే ఆ పిల్ల ప్రాణానికి నేను పూచీ.

బిగించకుండా సైకిలెక్కి వెళ్ళిపోదామని కూడా అనిపించింది. కానీ నేను పోతే ఆ పాత బేరింగే పెట్టించి బండి కదిలిస్తారని ఆ అరుగు మీది వీరుల్ని చూస్తేనే తెలుస్తోంది. ఆలోచించి ఆలోచించి, మంగళకరంగా ఉండే మాట ఒకటి పట్టుకున్నాను.

"అక్కా, గిట్లనే బిగిస్తే పిల్లకన్న ముందు చక్రమే అత్తగారింటికి వోతది" అన్నాను.

అందరూ పకపకా నవ్వారు. "పోనియ్ కొడుకా, మంచిదే గద! ఎదురుకోళ్ళకు చక్రమే ముంగట నిలవడ్తది" అంది రాజమ్మ. అరుగు మీంచి ఒకాయన, "చక్రానికి గూడ కట్నం పెడ్తరేమో" అన్నాడు. నా భయం వాళ్ళకి వేళాకోళమైపోయింది. నిజం చెప్తున్నాను, ఏడుపొచ్చింది.

నవ్వనిది ఒక్కరే. గుమ్మంలో నలుగు పిండి ఆరిపోయిన మొహంతో సుగుణ నిలబడి ఉంది. పెళ్లికూతుర్ని చేసి కూర్చోబెట్టిన పిల్ల గడప దాటకూడదు. గడప లోపలి నుంచే అడిగింది.

"సత్తెన్నా, ఒక్క చక్రమే ముందు వోతదా? మేమంత యాడికి వోతం?"

నేను తల దించుకున్నాను. ఆ పిల్లకి అర్థమైంది. కొంగు చివర నలుపుతూ మేనత్త వైపు తిరిగింది.

"అత్తా, నాకు పొద్దుగాల పసుపు రాస్తిరి గద?"

"రాస్తిమి."

"బొట్టు వెడితిరి?"

"పెడితిమి బిడ్డా."

"ఇప్పుడు తానం పోయించి అంత కడుగుతరు గద. నన్ను కడిగితే మంగళస్నానం, దాన్ని కడిగితే అపశకునమా? నన్ను కడగకుంటె గిదే మొఖంతోని పీటల మీద కూసుంటనా?"

రాజమ్మ చుట్టాల వైపు చూసింది. పళ్ళెంలో ఉన్న బేరింగు వైపు చూసింది. మన పెద్దవాళ్ళలో ఒక గొప్పతనం ఉంది. ఆచారం అడ్డొస్తే ఇంకో ఆచారంతో దారి చేస్తారు గానీ దారి మూసుకుని కూర్చోరు.

"లగ్గమయ్యే ముందు మంగళస్నానం జేపిస్తే తప్పేమున్నది?" అంది చివరికి, ఆ ఆలోచన మొదటి నుంచీ తనదే అన్నట్టు. "సూసుకుంట నిలవడ్డరేందే? పాటలు అందుకోండ్రి!"

అట్లా, నాకు తెలిసినంతలో ఈ భూమ్మీద పాటలతో కిరసనాయిలు స్నానం చేసిన బేరింగు అదొక్కటే. ఇత్తడి తాంబాళంలో దాన్ని పెట్టారు. రాజమ్మ చెంబుతో కిరసనాయిలు పోస్తుంటే నేను తిప్పుతున్నాను. చుట్టూ ముత్తైదువలు పెళ్లికూతురి పాటే పాడుతున్నారు. బంగారు బొమ్మ అన్నారు, చిలుక అన్నారు. ఇరుక్కున్న బియ్యపు గింజలు రాకపోతే సుగుణ తన జడలోని పిన్ను తీసి ఇచ్చింది. ఒక్కో గింజా తీసి పక్కన పెడుతుంటే అక్షింతలు నేల మీద పడెయ్యొద్దని ఒకావిడ దోసిలి పట్టింది. కడిగీ కడిగీ, వేలితో తిప్పితే చప్పుడు లేకుండా తిరిగే దాకా ఆపలేదు. పసుపు రంగు మాత్రం కొంచెం ఉండిపోయింది. పనికి అడ్డం రానిదాన్ని ఉండనిచ్చాను. మీరూ ఉండనివ్వండి. బండికి హాని లేనప్పుడు మనిషి నమ్మకంతో పోట్లాడేవాడు మంచి మెకానిక్ కాడు, మొండివాడు.

బూరెల మూకుడు

బేరింగును షాఫ్టు మీదికి ఎక్కించాను. ఇక కాలరు. దాన్ని వేడి చేస్తే కొంచెం పెద్దదవుతుంది, అప్పుడు షాఫ్టు మీదికి జారుతుంది, చల్లారితే పట్టేస్తుంది. మంటలో నేరుగా పెడితే ఒక పక్క ఎర్రబడి పాడవుతుంది. కాగే నూనెలో వేస్తే అంతటా సమానంగా వేడెక్కుతుంది. పెళ్లింట్లో కాగే నూనెకి కరువా? పందిరి వెనక పెద్ద మూకుడులో బూరెలు వేగుతున్నాయి. పటేల్ గొప్పకి పోయి వంటకి గోదావరి జిల్లా నుంచి సుబ్బారావు గారిని పిలిపించాడు.

విషయం చెప్పగానే ఆయన గరిటె పట్టుకుని మూకుడుకి అడ్డం నిలబడ్డాడు.

"ఏమండీ, మీకేమైనా మతి పోయిందా? బూరెల నూనెలో ఇనప ముక్క వేస్తానంటారేంటండీ? రేపు విస్తట్లో మరమేకు వస్తే ఎవరినంటారు? నన్నంటారు!"

"శుభ్రంగ ఉన్నదండీ. దాని జోడీ ఇప్పుడే మంగళస్నానం గూడ చేసింది" అన్నాను.

"చేస్తే చేసిందండీ! నా మూకుడులో మాత్రం వద్దు."

గేదె తోలు నాటి పాఠం నాకు గుర్తుంది గనక కాలరు దేంతో చేశారో ఎత్తలేదు. "సుబ్బారావు గారూ, నూనె ఎంత కాగిందో మాలాంటోళ్ళకు తెలువదు. జర మీరే దగ్గరుండి సూడాలె" అన్నాను. మనిషికి పని చెప్తే తప్పించుకుంటాడు. పెత్తనం ఇస్తే వదలడు. ఆయన గరిటె దించాడు.

"వాడేసిన నూనె ఉంది, అది చిన్న మూకుట్లో పోస్తానండీ. కానీ తీసేది నేను. మీరు చెయ్యి పెట్టకూడదు" అన్నాడు.

కాలరు వేశాడు. పిండి చుక్క ఒకటి వదిలి, అది తేలిన తీరు చూసి మంట తగ్గించాడు. "ఇంకా వేగలేదండీ" అన్నాడు. ఇంకొంచెం ఆగి, "ఇప్పుడు పట్టండి!" అంటూ చిల్లుల గరిటెతో తీసుకొచ్చాడు. కాలరు కిందా మీదా పడకుండా షాఫ్టు మీద వెన్నలా జారి, బేరింగు పక్కన టక్కుమని కూర్చుంది. నా వృత్తిలో అంత శుభ్రంగా కూర్చున్న కాలరు ఇంకొకటి లేదు. ఆయన ఆ సాయంత్రమంతా వచ్చినవాళ్ళకల్లా "బేరింగు వేయించింది నేనేనండీ" అని చెప్పుకున్నాడు. అది బేరింగు కాదు, కాలరు అని నేను దిద్దలేదు.

సీలు పెదవి లోపలి వైపు ఉండేలా చూసి, నూనె రాసి, గొట్టం మూతిలో చెక్కముక్క అడ్డం పెట్టి తట్టాను. తొందరపడి నేరుగా సుత్తితో కొడితే సీలు ఒంకర పోతుంది, చేసిన పనంతా మళ్ళీ మొదటికొస్తుంది. షాఫ్టు తోసి, బోల్టులు బిగించి, నూనె పట్టిన బ్రేకు షూలు మార్చి, డ్రమ్ము వేశాను. చివర రాజమ్మక్కని పిలిచి, "అక్కా, ఇప్పుడు డ్రమ్ము మీద ఎంత పెద్ద బొట్టన్న వెట్టు" అన్నాను. ఆవిడ అరచేయంత పెట్టింది.

బండల చుట్టూ తిప్పి తెచ్చాను. మూలుగు లేదు. డ్రమ్ము మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. పటేల్ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు బిగించినవ్. రేపు నువ్వే నడుపు" అన్నాడు.

అది న్యాయమే. బిగించినవాడు కూర్చోవడానికి భయపడే బండిలో ఇంకెవరినీ కూర్చోబెట్టకూడదు.

సాగదోలుడు

పొద్దున పెళ్లి అయింది. బూరెలు బాగున్నాయి. మధ్యాహ్నం దాటాక పిల్లని అత్తగారింటికి సాగదోలే వేళకి కారును గుమ్మం ముందుకి తెచ్చి పెట్టాను. వెనక సీట్లో కొత్త దంపతుల్ని కూర్చోబెట్టారు. బాచుపల్లి వాళ్ళ బస్సు ముందు నిలబడి ఉంది. వాళ్ళ పెద్దలు కారు చుట్టూ తిరిగి చూస్తుంటే పటేల్ మీసం దువ్వుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"జల్ది కానియ్యండి! వర్జ్యం రాకముందే ఊరు దాటాలె! సామాను ఎక్కించిండ్రా? డప్పులోళ్ళు ఏరి?" ఒకటే కేకలు. నిన్నటి నుంచీ ఆయన కేకలు ఆగలేదు. ఎక్కడ చూసినా ఆయనే, ఎవరి మీద చూసినా ఆయన గొంతే.

బండి స్టార్టు చేశాను. ఇంజను బాగా తిరుగుతోంది. పటేల్ ముందు నుంచి పక్కకి వచ్చాడు. నా కిటికీ దగ్గర వంగాడు.

"చక్రం గట్టిగున్నదా?" అన్నాడు మెల్లగా.

"పక్కాగున్నది పటేలా. ఫికర్ జెయ్యకు."

"జర ఇంకోపారి సూడరాదు?"

"పొద్దుగాల్నుంచి సూస్తనే ఉన్న. ఏం లేదు. బాచుపల్లి కాదు, బొంబాయి దాకనన్న వోతది."

ఆయన కదల్లేదు. కిటికీ అంచు పట్టుకున్న చెయ్యి వదల్లేదు. దగ్గర నుంచి చూస్తే కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గొంతు ఇంకా తగ్గించాడు. నాకే సరిగ్గా వినిపించలేదు.

"ఖరాబ్ అయిందని జెప్పు సత్తెయ్యా."

"ఏందీ?"

"ఏదో ఒకటి ఖరాబ్ అయిందని జెప్పు. జర సేపే. ఈ గడబిడల వడి నిన్నటి సంది నా బిడ్డతోటి ఒక్క మాట మాట్లాడలె."

ఇంజను ఆపేశాను. కిందికి దిగి, బాచుపల్లి వాళ్ళందరికీ వినపడేలా, పెళ్లింట్లో అనకూడని మాటలన్నీ కలిపి ఒక్కసారే అన్నాను.

"ఆగండ్రి! వెనక చక్రం ఖరాబైంది! ఊడేటట్టున్నది! అందరు దిగాలె!"

రాజమ్మక్క చెవులు మూసుకుంది. ఈసారి నన్ను ఏమీ అనలేదు. తమ్ముడి మొహం చూసి, వియ్యాలవారిని మజ్జిగ తాగుదురు గాని రమ్మంటూ పందిట్లోకి నడిపించుకుపోయింది. పెళ్లికొడుకు దిగి వాళ్ళ వెంట వెళ్ళాడు. సుగుణ దిగి, భయంగా చక్రం వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నేను తల తిప్పుకుని డిక్కీలోంచి జాకీ తీశాను.

పటేల్ మెల్లగా వచ్చి కూతురి పక్కన నిలబడ్డాడు. అంతసేపు అరిచిన మనిషి, "అన్నం తిన్నవా బిడ్డా?" అన్నాడు. ఆ పిల్ల ఆయన భుజం మీద తల పెట్టేసింది.

నేను వాళ్ళకి వీపు తిప్పి చక్రం ముందు కూర్చున్నాను. బోల్టులన్నీ నేను బిగించినట్టే ఉన్నాయి. వీలైనంత నెమ్మదిగా, ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాను.